పలకల సీమలో ఎక్స్‌రే

మార్కాపురం పేరు వినగానే పలకలు గుర్తుకు వస్తాయి. తరతరాల పిల్లలకు అక్షరాలు దిద్దించిన ఆ రాతిని తవ్వి, కోసి, పలకలుగా మలిచే కార్మికుల ఊపిరితిత్తులలో సన్నని ధూళి చేరే ప్రమాదం ఉంది. దానివల్ల కలిగే సిలికోసిస్ వ్యాధిని గుర్తించడానికి ఛాతీ ఎక్స్‌రే ముఖ్యమైన ఆధారం. ఫ్లోరైడు నీటివల్ల ఎముకలలో వచ్చే మార్పులను చూపేదీ ఎక్స్‌రేయే.

1895లో జర్మనీ శాస్త్రవేత్త రాంట్‌జెన్ కనుగొన్న ఈ కిరణాలు మేలుతోపాటు జీవకణాలకు కొంత హానినీ కలిగించగలవు. అయితే ఒక ఛాతీ ఎక్స్‌రే వల్ల అందే మోతాదు స్వల్పం. ప్రకృతి నుండి కొద్ది రోజులలో మనిషికి సహజంగా అందేటంత మాత్రమే. ఛాతీ సి.టి. స్కాన్‌లో అది పదుల రెట్లు ఎక్కువ. కాబట్టి అవసరమైన పరీక్షకు భయపడరాదు. అనవసరమైన పరీక్షను కోరరాదు.

మోతాదును తగ్గించే మార్గాలు సులభమైనవే. కిరణాలను పరీక్షించవలసిన భాగానికే పరిమితం చేయాలి. చిత్రానికి ఉపయోగపడక శరీరంలోనే ఇంకిపోయే బలహీన కిరణాలను అల్యూమినియం రేకు వడగడుతుంది. రోగి కదలక ఊపిరి బిగబడితే, మళ్లీ తీయవలసిన పని ఉండదు. గర్భిణి ఆ సంగతిని ముందే చెప్పాలి. యంత్రాల భద్రతను 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి పర్యవేక్షిస్తుంది.

గిద్దలూరులో తీసిన ఫిల్మును ఇంట మరచి ఒంగోలుకు వెళ్లిన రోగికి అదే పరీక్ష మళ్లీ చేయవలసి వస్తుంది. పాత ఫిల్మును భద్రపరచి వెంట తీసుకువెళ్లడం రోగి చేతిలోని రక్షణ. పలకపై గీతను తుడిచి మళ్లీ రాయవచ్చు. దేహం గ్రహించిన కిరణాన్ని తుడిచివేయలేము.