మూతి తిప్పే కుక్కకు ఏమి పెట్టాలి?

ఈ నెల మేము వ్రాస్తున్న సంగతి చూచి కొందరు నవ్వుకోవచ్చు. కుక్కకు మాట వినడము నేర్పేటప్పుడు దాని నోటికి ఏమి అందించాలి అన్నదే ఆ సంగతి. అయితే మన పల్లె సంఘములలో కుక్క లేని వీధి లేదు. మందకు, చేనుకు, కళ్లమునకు కాపలా అదే. బల్లమీదనుండి పడే రొట్టెముక్కల మాట ఎత్తి ప్రభువు మెప్పు పొందిన కనాను స్త్రీ కూడా కుక్కపిల్లలనే ఉదాహరణగా తీసుకున్నది (మత్తయి 15). కాబట్టి కాసేపు ఓపికతో చదవండి.

మేము తిరుపతిలో అలిపిరి వైపు కాపురమున్నాము. మా వీధి చివర నిలబడితే శేషాచలం కొండలు, అడవి కనబడతాయి. ఆ అడవిని 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనముగా, 2010లో శేషాచలం బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారు. అందులో చిరుతపులులు ఉన్నాయి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాప చిరుత బారినపడి చనిపోయినప్పుడు ఈ ఊరంతా కన్నీరు పెట్టింది. కుక్క అయితే చిరుతకు సులభముగా దొరికే ఆహారము. అందుచేత మా వైపు, పిలిచిన వెంటనే తిరిగి వచ్చే కుక్కకే బ్రతుకు మీద నమ్మకము. పిలిచినా రాని కుక్కకు ఒక్క సాయంత్రము చాలు.

మా ఇంటికి వచ్చిన జిమ్మీ పిలిస్తే రాని కుక్క. సంఘములోని ఒక కుటుంబము బదిలీ మీద దూరము వెళ్తూ దానిని మాకు అప్పగించింది. బొచ్చు కుక్క, ముద్దుగా పెరిగింది. ఆ ఇంట ఎవరు ఏది తింటున్నా దానికి ఒక ముక్క దక్కేది. మా ఇంట సంగటి ముద్ద పెడితే వాసన చూచి మూతి తిప్పుకున్నది. బిస్కెట్టు చూపి పిలిస్తే దూరమునుండే చూచి పడుకున్నది. ఇది ఇంకా మంచిదేదో కోరుతున్నదని పిల్లలు రోజుకొక కొత్త తిండి పేరు చెప్పసాగారు.

మేకలు మేపుకునే మా సంఘపు పెద్దమ్మ ఒకరు ఆదివారము ఆరాధన ముగిశాక ఈ ముచ్చట విని, "అయ్యగారూ, దాని కడుపు నిండినాక మీరు అమృతం పెట్టినా అది మూతి తిప్పుకుంటాది. ఆకలైనప్పుడు పిలిసి సూడండి" అన్నది. ఆ తల్లి సామెతలు 27వ అధ్యాయము 7వ వచనమును తన మాటల్లో చెప్పినట్లయినది. కడుపు నిండినవానికి తేనెపట్టు కూడా రుచించదనీ, ఆకలిగొన్నవానికి చేదు సహితము తియ్యగా ఉంటుందనీ సొలొమోను ఎన్నడో తెలియజేశాడు.

ఆ మాట మీదనే మేము పని మొదలుపెట్టాము. అయితే ముందుగా ఒక జాగ్రత్త. బాగా తినే కుక్క ఉన్నట్టుండి తిండి మానితే అది మారాము కాదు. పంటి నొప్పి, కడుపులో పురుగులు, పిడుదులవల్ల వచ్చే జ్వరము, ఇలా ఏదైనా కావచ్చు. అప్పుడు పశువుల డాక్టరుకు చూపించాలి. తిరుపతిలో 1955 నుండి పశువైద్య కళాశాల ఉన్నది. 2005లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయము కూడా ఇక్కడే ఏర్పడింది. జిమ్మీని డాక్టరుకు చూపించి, రేబిస్ టీకా వేయించి, జబ్బేమీ లేదని తెలుసుకున్న తరువాతనే దానిది మారామని నిశ్చయించుకున్నాము.

తరువాత తిండికి వేళ పెట్టాము. ఉదయము ఒకసారి, సాయంత్రము ఒకసారి. గిన్నె పెట్టి పావుగంట చూచి, తినకపోతే తీసివేయడమే. నడుమ ఎవరూ ఏమీ వేయకూడదని ఇంటిల్లిపాదికీ కట్టడి. నేర్పే పని మాత్రము సాయంత్రపు గిన్నెకు ముందు, కొంచెము ఆకలి ఉన్నప్పుడు. ఆకలితో మాడ్చలేదు సుమా! పూటకు పది నిమిషములు మించకుండా చూచుకున్నాము.

ఇక ఏమి పెట్టాలి? అది ఏది కోరుతుందో దాన్నే అడిగాము. ఉడికించిన కోడిమాంసపు తునక, కోడిగుడ్డు ముక్క, ఉడికించిన గెనుసుగడ్డ ముక్క, మూడింటినీ మూడుచోట్ల ఉంచి, మొదట ఏ దగ్గరకు పోతుందో నాలుగు రోజులు గమనించాము. కోడిమాంసము మొదట, గెనుసుగడ్డ తరువాత, గుడ్డు చివర. కుక్క రుచికంటె వాసనను ఎక్కువగా నమ్ముకుంటుంది. మన నాలుకపై రుచి మొగ్గలు సుమారు 9,000 ఉంటే, దానికి సుమారు 1,700 మాత్రమే. కాబట్టి చల్లారిన ముక్కకంటె గోరువెచ్చని ముక్క మేలు. ముక్క శెనగగింజంత ఉంటే చాలు. నమిలేందుకు ఆగకుండా మ్రింగి మళ్లీ మన ముఖము చూడాలి. ఈ చిరుతిండి అంతా కలిపి రోజు తిండిలో పదోవంతు మించకూడదని పశువైద్యులు చెబుతారు.

కోడిమాంసమే మొదటిదైనా వీధిలో నేర్పేటప్పుడు మేము గెనుసుగడ్డనే ఎన్నుకున్నాము. మా వీధిలోనుండి వేకువనే భక్తులు నడకదారికి పోతుంటారు. కొండపైకి మాంసము, మద్యము, పొగాకు తీసుకుపోనివ్వరు. అలిపిరి వద్ద సామాను తనిఖీ చేస్తారు. వారి దారి ప్రక్కన మాంసపు ముక్కలు చేతబట్టుకొని తిరగడము మనకు మర్యాద కాదు. పొరుగువానిని ప్రేమించడము ఇలాటి చిన్న సంగతులలో కూడా ఉంటుంది. కోడిమాంసమును ఇంటి ప్రహరీ లోపల, అన్నిటికంటె కష్టమైన పాఠమునకు దాచాము. ఆ పాఠము, ఆటలో మునిగి ఉన్నప్పుడు పిలిస్తే రావడము.

పల్లెల్లోని మన కుటుంబములు ఇది గుర్తుంచుకోవాలి. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి, వెల్లుల్లి కుక్కకు విషముతో సమానము. ప్రేమవిందులో మిగిలిన బిర్యానీలోను, కూరలోను ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి. ఉడికిన కోడి ఎముక చీలి పేగులకు గుచ్చుకుంటుంది. ఉప్పు వేయని వేయించిన శెనక్కాయ గింజలు రెండు మూడయితే ఫరవాలేదు.

ముక్క ఎంత ముఖ్యమో వేళ అంత ముఖ్యము. పిలిచినప్పుడు వచ్చిన కుక్కకు వచ్చిన క్షణముననే అందించాలి. ఆలస్యమైతే ఎందుకు ఇచ్చామో దానికి తెలియదు. రష్యా దేశపు శాస్త్రవేత్త పావ్లోవ్ కుక్కల మీద చేసిన పరిశోధనలలో, తిండికి ముందుగా వినిపించే గుర్తుకే కుక్క నోట నీరూరడము చూపించాడు. ఆయన ఒక గురువుగారి కుమారుడు, చిన్నతనమున వేదాంత పాఠశాలలో చదివినవాడు. 1904లో జీర్ణక్రియపై పరిశోధనకు నోబెల్ బహుమానము పొందాడు. మా ఇంట ఆ గుర్తు "భళా" అన్న మాట. భళా అనడము, వెంటనే ముక్క ఇవ్వడము. కొన్ని వారములకు ముక్క అప్పుడప్పుడే ఇచ్చినా, భళా అనగానే తోక ఆడేది.

ఇంకొక భేదము మా పిల్లలకు మరీ మరీ చెప్పాము. ముక్కను ముందు చూపించి పిలిస్తే అది లంచము. పిలిచి, వచ్చిన తరువాత ఇస్తే అది బహుమానము. లంచము అలవాటైన కుక్క ముందు చేతిని చూస్తుంది, చేతిలో ఏమీ లేకపోతే రాదు. బహుమానము ఎరిగిన కుక్క మన గొంతును వింటుంది.

మూడవ నెలలో ఒక సాయంత్రము, చీకటిపడే వేళ, ఎవరో గేటు తీసి ఉంచారు. జిమ్మీ ఒక పిల్లిని తరుముతూ వీధి చివరి ముళ్లపొదలవైపు పరుగెత్తింది. అంతకు నెల ముందే ఆ వైపు రెండు వీధి కుక్కలు కనబడకుండా పోయాయి. మా చిన్నవాడు గేటు దగ్గరనే నిలబడి గట్టిగా పేరు పెట్టి పిలిచాడు. వాని చేతిలో ఏమీ లేదు. జిమ్మీ ఆగింది, పొదలవైపు ఒకసారి చూచింది, వెనుదిరిగి వచ్చింది. వాడు దానిని ఎత్తుకొని ఇంట్లోకి తెచ్చాక, ఆ రాత్రి వాని తల్లి దానికి కోడిమాంసమే వడ్డించింది.

ప్రియులారా, ఇశ్రాయేలీయులు ఆకాశమునుండి కురిసిన మన్నాను చూచి విసుగుకున్న సంగతి సంఖ్యాకాండము 11వ అధ్యాయములో ఉన్నది. దేవుడు వారిని ఆకలిగొననిచ్చి, ఆ తరువాతనే మన్నాతో పోషించాడని ద్వితీయోపదేశకాండము 8వ అధ్యాయము తెలుపుతున్నది. ఆయన ఏ రోజు పాలు ఆ రోజే, కొలత ప్రకారము ఇచ్చాడు. ప్రేమ లేక కాదు, తన స్వరము విని బ్రతకడము నేర్పడానికి.

మన ఇండ్లలో ఏమి జరుగుతున్నది? ఏడవకముందే బిడ్డ చేతిలో కుర్‌కురే పొట్లము. అన్నము తినడానికి ఫోను. సండేస్కూలుకు రావడానికి ముందుగానే చాక్లెట్టు. ఇవన్నీ ముందు చూపించే ముక్కలు. అడిగినదెల్లా అడిగిన క్షణమున దొరికిన బిడ్డకు అమ్మ చేతి సంగటి చప్పగా ఉంటుంది. రేపు వానికి వాక్యము కూడా చప్పగా ఉండవచ్చు. వేళకు పెట్టండి, కొలతగా పెట్టండి, మంచి పని చేసిన క్షణమున మనసారా భళా అనండి. అప్పుడు, మనము చూడలేని పొదలవైపు వారు పరుగెత్తే రోజున, మన చేతిలో ఏమీ లేకపోయినా, మన పిలుపు విని వెనుదిరిగి వస్తారు. ప్రభువు మన గృహములకు అట్టి కృప అనుగ్రహించును గాక. ఆమేన్.