కట్టెలు మాత్రం ఇంటి నుంచి వద్దు

శుక్రవారం సాయంత్రం ఐదు దాటితే న్యూజెర్సీ కార్లు ఒక్కొక్కటే లోపలికొస్తాయి. డిక్కీ తెరిస్తే చాలు, మనవాళ్ళెవరో తెలిసిపోతుంది. రైస్ కుక్కర్, ఆవకాయ సీసా, స్టీలు డబ్బా నిండా పులిహోర, చుట్టిన చాప. నా చూపు మాత్రం వాటి వెనక ఏముందా అని వెతుకుతుంది.

28 ఏళ్ళు సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఎండాకాలమంతా పెన్సిల్వేనియాలోని రికెట్స్ గ్లెన్ స్టేట్ పార్కులో క్యాంప్‌గ్రౌండ్ హోస్టుని. జీతం లేదు, ట్రెయిలర్ పెట్టుకోవడానికి చోటిస్తారు. వచ్చినవాళ్ళకు వాళ్ళ సైటు చూపించడం, నెగడు గుంటల్లో బూడిదెత్తడం, పొద్దుపోయాక పాటలు తగ్గించమని బతిమాలడం నా పని. జరిమానా వేసే అధికారం రేంజర్లది. నాకున్నది నోరొక్కటే.

చెప్పే మాటలు రోజూ అవే. జలపాతాల దారికి చెప్పులతో వెళ్ళకండి, మొత్తం చుట్టొస్తే 7 మైళ్ళు దాటుతుంది, రాతిమెట్లు ఎప్పుడూ తడే. 94 అడుగుల గనోగా జలపాతం దగ్గర ఫోటో కోసం వెనక్కి వెనక్కి నడవకండి. లేక్ జీన్‌లో పిల్లాడు గాలం వేస్తే సరే, 16 నిండినవాళ్ళు వేయాలంటే లైసెన్సుండాలి. పులిహోర డబ్బా గుడారంలో వద్దు, కారులో పెట్టి తాళం వేయండి, ఇక్కడ నల్ల ఎలుగులు తిరుగుతాయి. అన్నిటికీ తలూపుతారు, తేడా వస్తే దెబ్బ తమకే కాబట్టి. పేచీ అంతా కట్టెల దగ్గరే. అక్కడ నష్టం అడవికి, అదీ కొన్నేళ్ళకు గాని కనబడదు.

మొన్న జూలైలో ఒక కారులో మోపెడు కట్టెలు కనిపించాయి. కొడుకు, కోడలు, మనవడితో వచ్చిన పెద్దావిడ, "పెరట్లో ఎండిపోతే కొట్టించాం అన్నయ్యగారూ, పారేయడమెందుకని తెచ్చాం" అంది.

ఒక దుంగ తీసుకుని చాకుతో బెరడు ఊడదీశాను. లోపల చెక్కమీద మెలికలు తిరిగిన కాలువలు, వాటినిండా పొట్టు. బెరడు మీద మూడు మిల్లీమీటర్ల కన్నం, ఒకవైపు గుండ్రం, ఒకవైపు తిన్నగా. మనవడు వేలు పెట్టి చూసి, "ఇంగ్లిషు 'డి'లా ఉంది తాతా" అన్నాడు.

అది ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చటి పురుగు బయటికొచ్చిన గుమ్మం. ఆసియా నుంచి వచ్చిన ఈ పురుగును మిషిగన్‌లో 2002లో, పెన్సిల్వేనియాలో 2007లో గుర్తించారు. దీని పిల్లపురుగు బెరడు కింద తిరుగుతూ చెట్టుకు నీరూ ఆహారమూ అందే దారులు తెంచేస్తుంది. యాష్ చెట్టు కొమ్మల చివర్ల నుంచి ఎండుకుంటూ వస్తుంది. సొంత రెక్కలతో ఆ పురుగు ఎంతో దూరం పోలేదు. డిక్కీలో ఎక్కిందా, పూటలో రాష్ట్రం దాటుతుంది.

"అయితే వెనక్కి పట్టుకుపోమంటారా అంకుల్?" కొడుకు గొంతులో చిరాకు.

"వద్దు బాబూ, దారిపొడుగునా పంచినట్టవుతుంది. ఉన్నదంతా ఈ రాత్రే కాల్చేయండి, రాలిన బెరడుతో సహా. రేపటికి కావాలంటే దగ్గర్లోనే కొనుక్కోండి."

గొంతు పెంచి చెప్పలేను. 2015లో నేనూ నా పెరటి దుంగలు ఇదే పార్కుకు తెచ్చాను. సగం కాల్చి, మిగిలినవి తరవాత వచ్చేవాళ్ళకు పనికొస్తాయని సైటులోనే పేర్చి వెళ్ళాను. పుణ్యం చేశాననుకున్నాను. అది యాష్ అని హోస్టునయ్యాకే, పాత ఫోటోలో బెరడు చూసి తెలుసుకున్నాను. ఇప్పుడు సైట్ల పక్కన ఎండిన యాష్‌ని కొట్టేస్తుంటే, ఆ శబ్దం వినబడనంత దూరం నడిచిపోతాను.

ఆ రాత్రి నెగడు పెద్దగానే మండింది. పెద్దావిడ కాగితం పళ్ళెంలో పులిహోర పెట్టిచ్చింది. పిల్లాడు టార్చి వేసుకుని బెరడు ముక్కలు ఏరి మంటలో వేస్తున్నాడు. తినడం పూర్తికాకముందే మాయమై, కాసేపటికి రొప్పుతూ వచ్చాడు.

"తాతా, అటు చివర నీలం కారులోనూ ఉన్నాయి!"

పళ్ళెం పక్కన పెట్టి చాకు కోసం జేబు తడుముకున్నాను.