బూట్లలో నల్ల నూక

మా అబ్బాయి రాత్రిపూట ఆడి వచ్చి బూట్లు విప్పితే గడప దగ్గర నల్లటి నూక రాలుతుంది. మా ఆవిడ మొదట నల్ల నువ్వులనుకున్నది. వేళ్ళ మధ్య నలిపి చూశాను. నలగలేదు, మెత్తగా అణిగి మళ్ళీ లేచింది. పాత టైర్ల పొడి అది.

తుర్కయాంజాల్‌లో మేము ఇల్లు కట్టుకున్ననాడు చుట్టూ ఖాళీ ప్లాట్లే. పిల్లలు మట్టిలోనే వికెట్లు పాతుకునేవారు. ఇప్పుడు అటువంటి ఒక జాగా చుట్టూ వల కట్టి, ప్లాస్టిక్ గడ్డి పరచి, దీపాలు పెట్టి గంటల లెక్కన అద్దెకిస్తున్నారు. గడ్డి పోగులు నిలబడడానికీ, పడినవాడికి దెబ్బ తగలకుండా ఉండడానికీ ఈ పొడి పోస్తారట. ఐరోపా సమాఖ్య ఇటువంటి గుళికల అమ్మకాన్ని 2031 అక్టోబరు నుంచి ఆపివేస్తూ 2023లోనే నిబంధన తెచ్చింది. మన దగ్గర గంటకు ఎంత అన్నదే ప్రశ్న.

వాణ్ణి అనడానికి నాకేం అర్హత ఉంది? గుండెకు స్టెంటు వేసిన తరువాత డాక్టరుగారు రోజూ ముప్పావుగంట నడవమన్నారు. నేను ఎంచుకున్నది సాగర్ రోడ్డు. తెల్లవారుజామున లారీలూ బస్సులూ పోతూనే ఉంటాయి. అరిగిన టైరు ఎక్కడికి పోతుందని ఎన్నడూ ఆలోచించలేదు. కొంత రోడ్డు మీద పడుతుంది, కొంత గాలిలో కలుస్తుంది. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి ఆరు నుంచి ఎనిమిది లీటర్ల గాలి పీలుస్తాడు. పరుగెత్తితే అది యాభై లీటర్లు దాటుతుంది. పైగా ఆయాసం వస్తే నోటితో పీలుస్తాము, ముక్కు చేసే వడపోత ఆ మేరకు తప్పిపోతుంది. ఆరోగ్యం కోసం కేటాయించిన ఆ ముప్పావుగంటలోనే నేను ఎక్కువ దుమ్ము మింగుతున్నానన్నమాట!

2024లో ఇటలీ వైద్యులు ప్రకటించిన పరిశోధన చదివినప్పటినుంచి ఈ బెంగ ఎక్కువైంది. మెడ రక్తనాళాల్లోంచి తీసిన కొవ్వు పూడికను పరీక్షిస్తే, 257 మందిలో 150 మందికి అందులో పాలిథిలీన్ కనిపించింది. ప్లాస్టిక్ కనిపించినవారిలో గుండెపోటు, పక్షవాతం, మరణం అనే మూడింటిలో ఏదో ఒకటి సంభవించే ముప్పు తక్కినవారికంటే దాదాపు నాలుగున్నర రెట్లు ఎక్కువగా తేలింది. ప్లాస్టిక్కే కారణమని దానితో నిరూపణ కాలేదు. అయినా నా గుండెలో తీగ ఉన్నది కనుక నేను దాన్ని నిదానంగా చదవలేకపోయాను. అదే ఏడాది కొలంబియా విశ్వవిద్యాలయంవారు సీసా నీళ్ళలో లీటరుకు సగటున రెండు లక్షల నలభై వేల రేణువులను లెక్కించారు. మావాడు ఆటకు తీసుకుపోయేది ఆ సీసానే.

ఇదంతా వాడికి చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. "అయితే ఆడడం మానెయ్యమంటావా నాన్నా?" అన్నాడు.

మానెయ్యమనలేదు. ఇరవై ఏళ్ళు కుర్చీలోంచి లేవని మనిషికి ఏమవుతుందో నా రొమ్ములోనే సాక్ష్యముంది. ప్లాస్టిక్ సంగతి ఇంకా తేలవలసి ఉంది, కుర్చీ సంగతి ఎప్పుడో తేలిపోయింది.

నేను రోడ్డు వదిలి కాలనీ లోపలి వీధులకు మారాను. వాడు స్టీలు సీసా పట్టుకుపోతున్నాడు, బూట్లు మాత్రం గేటు బయట దులుపుతానన్నాడు. వానొస్తే అది మోరీలోంచి చెరువుకే కదా పోయేదని మా ఆవిడ ఒప్పుకోలేదు. పాత పచ్చడి సీసా ఒకటి గడప పక్కన పెట్టింది, అందులో పోయిస్తున్నది. నెల తిరక్కుండానే పావువంతు నిండింది.