హనుమంతునిపాడులో బొంతలు



కనిగిరి నుండి హనుమంతునిపాడు వెళ్తే దారికి రెండు ప్రక్కలా మెట్టచేలే. వాన పడితే కంది, పడకపోతే వలస. ఈ సీమ బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. పళ్లకు గార పట్టిన పిల్లలను, వంగిపోయిన కాళ్లను మేము ఎన్నో పల్లెల్లో చూశాము. ఒకసారి వంగిన ఎముకకు మందు లేదు, ముందే మంచినీళ్లు అందాలి. అందుకే బిడ్డ జబ్బు అంటే ఇక్కడ ఏ ఇల్లాలైనా ఆగి వింటుంది.

ఈమారు మేము వెళ్లేసరికి అక్కడ స్త్రీల సమాజము వారు చెట్టు నీడన బొంతలు కుడుతున్నారు. గుండెలో రంధ్రమున్న పసివాణ్ణి ఆపరేషనుకు పంపాలి. ఆపరేషను ఖర్చు ప్రభుత్వ పథకమే పెట్టుకుంటుంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ఆ పథకాన్ని ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు. అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లలను పరీక్షించి ఇలాంటి జబ్బులు కనిపెట్టే ఏర్పాటు కూడా 2013 నుండి ఉంది. మరి బొంతలెందుకు? బస్సు చార్జీలకు, పట్నంలో తల్లిదండ్రుల తిండికి, అన్నాళ్లు పోయే కూలికి, తరువాత మళ్లీ మళ్లీ చూపించుకొని రావడానికి. ఇవి ఏ పథకమూ పూర్తిగా తీర్చదు. ఆ కాస్త లేకనే డాక్టరు ఇచ్చిన తేదీ దాటిపోతుంది.

ఉతికిన పాత నూలుచీరలు నాలుగైదు పొరలుగా పరచి, చుట్టూ టాకాలు వేసి, అంచు నుండి లోపలికి సన్నగా కుట్టుకుంటూ వస్తారు. "లోపల ఏ గుడ్డయినా ఒకటే అయ్యగారూ, పైపొర మాత్రం కంటికి ఇంపుగా ఉండాల" అన్నది ఒక పెద్దమ్మ. మాకు దొర్కా జ్ఞాపకమొచ్చింది.

వారికి మేము ఒక సంగతి చెప్పాము. 1949లో యునిసెఫ్ అచ్చువేసిన మొదటి గ్రీటింగు కార్డు మీది బొమ్మ చెకోస్లొవేకియా దేశపు ఏడేళ్ల పాప వేసినది. యుద్ధము తరువాత కాగితము దొరకక గాజు మీద వేసిందట. అటువంటి కార్డుల అమ్మకముతో ఎన్నో దేశాల పిల్లలకు సహాయము అందింది. "గాజెందుకు, మన మార్కాపురం పలకలు లేవా?" అని ఒక అమ్మాయి అనగానే అందరూ నవ్వారు.

ధర దగ్గర మాత్రం మాకు వారితో కుదరలేదు. గుడ్డ ఇంట్లోదే గనుక దారము ఖర్చు వస్తే చాలునంటారు. నరసాపురం లేసు సంగతి చూడండి. 19వ శతాబ్దములో మిషనరీ కుటుంబాలు నేర్పిన ఆ పని సముద్రాలు దాటి అమ్ముడుపోయింది. అయితే మరియా మీస్ అనే పరిశోధకురాలు 1982లో అచ్చయిన తన పుస్తకములో చూపినదేమిటంటే, అల్లిన స్త్రీకి మిగిలింది అతి స్వల్పము, లాభము వ్యాపారిది. ఇల్లాలు తీరిక వేళలో చేసే పనే గదా అని అందరూ అనుకోవడమే అందుకు కారణము. జాలిపడి కొనేవాడు ఒక్కసారే కొంటాడు. వెచ్చగా, గట్టిగా ఉందని కొన్నవాడు మళ్లీ వస్తాడు, సరియైన ధరా ఇస్తాడు.

చివరకు ఎవరు ఎన్ని రోజులు కుట్టారో వేళ్ల మీద లెక్కపెట్టి, దారము ఖర్చు కలిపి, కొత్త ధర చీటీల మీద వ్రాసి ఒక్కొక్క బొంతకు పిన్నీసుతో గుచ్చారు. కోతపండుగ వేలములో పాట ఆ ధర నుండే మొదలవుతుంది.