పాత కారుకు కొత్త బ్రేకులు

ఆరేళ్ల క్రితం మా వీధి చివర ఉండే పెద్దాయన దగ్గర 1966 నాటి ఫోర్డ్ మస్టాంగ్ కారు కొన్నాను. తాళాలు చేతిలో పెడుతూ ఆయన నన్నొకే మాట అడిగారు, "ఇందులో దేన్నీ మార్చకు" అని. అలాగేనన్నాను. ఈ వేసవిలో ఆ మాట తప్పాను. ఎందుకు తప్పవలసి వచ్చిందో చెప్పుకుంటే తప్ప మనసు తేలికపడేట్టు లేదు.

మేముండేది మిచిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ నగర శివార్లలో. ఈ ప్రాంతంలో కారు అంటే కేవలం వాహనం కాదు, చాలా ఇళ్లకు అన్నం పెట్టిన తల్లి. పెద్దాయన కూడా డియర్‌బోర్న్ కర్మాగారంలో పనిచేసి విరమించినవారే. ఇరవై రెండేళ్ల ప్రాయంలో సొంత జీతంతో కొనుక్కున్న తొలి కారిది. ఆ ఒక్క ఏడాదే మస్టాంగులు 6 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి కనుక ఇది అపురూపమైన వస్తువేమీ కాదు. అయితే కొన్ననాటి భాగాలన్నిటినీ అంత శ్రద్ధగా కాపాడుకున్న మనిషిని మాత్రం నేను వేరొకరిని చూడలేదు. నాలుగు చక్రాలకూ ఆనాటి డ్రమ్ బ్రేకులే ఉండేవి.

మొన్న ఏప్రిల్‌లో ఒక సాయంత్రం, వాన వెలిసిన వెంటనే, అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని బయలుదేరాను. తనకు అప్పుడే లెర్నర్ పర్మిట్ వచ్చింది. ఈ కారు ఎప్పుడు నడపనిస్తావని ఒకటే గొడవ. రైలు వంతెన కింద నిలిచిన నీళ్లలోంచి దాటి వచ్చాక, బడి ముందర పిల్లలు రోడ్డు దాటుతూ కనిపించారు. బ్రేకు తొక్కాను. మొదట ఏమీ జరగలేదు. మరుక్షణం బండి ఒక్కసారిగా ఎడమకు లాగేసింది. పిల్లలకు నాలుగడుగుల దూరంలో, అడ్డంగా ఆగింది. ఇల్లు చేరేవరకూ అమ్మాయి నోరు విప్పలేదు. కారు నడుపుతానన్న ఊసు ఆ తర్వాత వారం రోజులు ఎత్తలేదు.

కాలి కింద పెడల్ ఉండీ బండి ఆగని ఆ క్షణం నాకు కొత్త కాదు. 1983లో నాన్నగారు మమ్మల్నందరినీ అంబాసిడర్‌లో శ్రీశైలం తీసుకువెళ్లారు. తిరుగు ప్రయాణంలో దోర్నాల వైపు ఘాట్ దిగుతుంటే, సగం దారిలో కాలిన వాసన వచ్చింది. "బ్రేకు పడటం లేదు" అన్నారు, నెమ్మదిగా, మాకు వినిపించకూడదన్నట్టు. రెండో గేరులోకి దించి, హ్యాండ్ బ్రేకు లాగుతూ, కొండవైపు మట్టిలోకి పోనిచ్చి ఎలాగో నిలిపారు. మేము పరుగెత్తి చక్రాల కింద రాళ్లు పెట్టాం. గంటసేపు నల్లమల అడవిని చూస్తూ కూర్చున్నాం. అమ్మ మల్లన్నకు మొక్కుకుంది. నాన్నగారి చేతులు వణకడం నేను చూసింది ఆ ఒక్కసారే.

డ్రమ్ బ్రేకులో గిన్నె వంటి డ్రమ్ము చక్రంతో పాటు తిరుగుతుంటుంది. పెడల్ తొక్కితే లోపలి షూలు విచ్చుకుని దాని గోడను ఒరుసుకుంటాయి. తిరిగే డ్రమ్మే షూను తనలోకి లాక్కుని మరింత గట్టిగా పట్టించుకుంటుంది కనుక, తక్కువ బలంతోనే బండి ఆగుతుంది. కానీ ఒక చక్రం తడిసి మరొకటి పొడిగా ఉంటే ఈ సుగుణమే కీడవుతుంది, పొడిగా ఉన్న వైపుకు బండి లాగేస్తుంది. ఇక ఘాట్ రోడ్ల మీద, వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరమవుతుంది, షూల పట్టు కూడా సడలుతుంది. డిస్క్ బ్రేకు ఇందుకు భిన్నం. పళ్లెం బయటి గాలిలో తిరుగుతూ, పడిన నీటిని విసిరేస్తుంది, వేడిని త్వరగా వదిలించుకుంటుంది.

ఇంకొక ప్రమాదమూ ఉంది. 1966 మస్టాంగ్‌లో మాస్టర్ సిలిండర్‌కు ఉన్నది ఒకే గది. ఎక్కడ ఒక గొట్టం చిల్లుపడినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. ముందు చక్రాలకొకటి, వెనుక చక్రాలకొకటిగా రెండు గదులు 1967 మోడల్‌తో వచ్చాయి. 1968 జనవరి నుంచి అమెరికాలో ప్రతి కొత్త కారుకూ అటువంటి ఏర్పాటు తప్పనిసరి అయింది.

ఇవన్నీ మననం చేసుకుని పెద్దాయన ఇంటికి వెళ్లాను. జరిగింది చెప్పాను. ఆయన చాలాసేపు కిటికీలోంచి చూస్తూ ఉండిపోయారు.

"వాన పడితే మా ఆవిడ ఆ కారు ఎక్కేది కాదు. భయమేస్తోందనేది. నేను నవ్వేవాణ్ణి" అన్నారు. కాసేపాగి, "డిస్క్ బ్రేకులు అప్పట్లోనే ఇచ్చేవారు, అదనపు ధర మీద. నా దగ్గర అంత డబ్బు లేక తీసుకోలేదు" అన్నారు.

నేను నివ్వెరపోయాను. ఆరేళ్లుగా ఏది ఆయన జ్ఞాపకమని పవిత్రంగా కాపాడుతూ వచ్చానో, అది ఆయన లేమి. "మార్చు, కానీ పాతవి పారెయ్యకు" అన్నారు లేస్తూ.

ఆనాడు ఫోర్డ్ ఇచ్చిన నాలుగు పిస్టన్ల కాలిపర్ నమూనాలోనే ఇప్పుడు కొత్త సెట్లు దొరుకుతున్నాయి. కోతలు, వెల్డింగులు లేకుండా బోల్టులతోనే బిగించవచ్చు. పాత షూలలో ఆస్బెస్టాస్ ఉండేది కనుక ఆ ధూళిని గాలితో ఊదకుండా, తడిపి తుడిచి సంచిలో కట్టాను. రెండు గదుల మాస్టర్ సిలిండర్ పెట్టాను. గట్టిగా తొక్కినప్పుడు బరువు ముందుకు ఒరిగి, వెనుక చక్రాలు బిగుసుకుపోయి బండి తిరగబడకుండా, వెనుకకు వెళ్లే ఒత్తిడిని తగ్గించే వాల్వు కూడా పెట్టాను. పాత 14 అంగుళాల చక్రాలు కాలిపర్‌ను రాసుకోవడంతో, వాటినీ మార్చక తప్పలేదు.

తర్వాత ఎయిర్ తీయడం. వెనుక కుడి చక్రంతో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా ముందుకు వచ్చాం, అమ్మాయి పెడల్ తొక్కుతూ, నేను నిపిల్ విప్పుతూ. రెండు డబ్బాల బ్రేక్ ఆయిల్ అయిపోయినా పెడల్ మెత్తగా దిగిపోతూనే ఉంది. రాత్రి తొమ్మిదయింది. నేను విసుగెత్తి కూలబడ్డాను. అమ్మాయి దిగి వచ్చి, టార్చి వేసి చూసి, "నాన్నా, బుడగ పైకే కదా పోతుంది? ఈ నిపిల్ కిందికి ఉందేమిటి?" అంది. కుడి కాలిపర్ ఎడమకు, ఎడమది కుడికి బిగించాను! ఇరవై ఏళ్ల ఇంజనీరింగ్ ఉద్యోగం నా వైపు చూసి నవ్వినట్టయింది. విప్పి, మార్చి బిగించాక, పెడల్ రాయిలా నిలబడింది.

ఖాళీ రోడ్డు మీద గంటకు 30 మైళ్ల వేగం నుంచి పదిసార్లు మెల్లగా తగ్గించి, మధ్యమధ్య చల్లారనిచ్చి ప్యాడ్లను అలవాటు చేశాం. బూస్టర్ లేదు గనుక మునుపటికన్నా బలంగా తొక్కాలి. అమ్మాయికి అది మొదటే చెప్పాను.

డ్రమ్ములు, షూలు, పాత మాస్టర్ సిలిండర్, ఆ నాలుగు చక్రాలు నూనె రాసి గుడ్డ చుట్టి గ్యారేజీ అటక మీద పెట్టాను. నా తర్వాత ఈ కారు కొనే వారెవరైనా కావాలనుకుంటే, ఒక్క రోజులో దీనిని 1966కు తీసుకుపోవచ్చు. ఇచ్చిన మాటలో ఆ మేరకైనా మిగుల్చుకున్నాను.

పోయిన శనివారం ముసురు పట్టింది. అమ్మాయి స్టీరింగ్ పట్టుకుంది, నేను పక్కన. అదే వంతెన కింద అవే నీళ్లు. ఈవలికి రాగానే "ఆపు" అన్నాను. నా కుడికాలు అలవాటుగా నేలను తొక్కింది. బండి నిటారుగా, గీత గీసినట్టు ఆగింది. అక్కడి నుంచి నేరుగా పెద్దాయన ఇంటికి వెళ్లాం.

ఆయన గొడుగు వేసుకుని బయటకు వచ్చి, కారు చుట్టూ తిరిగి, చక్రాల సందులోంచి మెరుస్తున్న పళ్లేన్ని వంగి చూశారు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు.

"వానలోనే వచ్చారా?" అని మాత్రం అడిగారు.

అవునన్నాను.