పలుకని యంత్రము

గుణదల కొండకు చేరువనున్న మా పాఠశాల కార్యాలయమున 6 కంప్యూటర్లు కలవు. హాజరుపట్టీలు, రుసుముల లెక్కలు, పరీక్షల మార్కులు అన్నియు వానియందే యుండును. అవి యొకే నెట్‌వర్కున గూర్పబడియున్నందున, వాని యారోగ్యమును దూరమునుండియే కనిపెట్టు నొక ప్రోగ్రామును రెండేండ్ల క్రిందట అమర్చుకొంటిమి. ఆ కావలి మాకు అప్పగింపబడెను. అందు మేము నేర్చిన పాఠమును విద్యార్థులకు దెలుపగోరుచున్నాము.

వేడిమిని, పంకా వేగమును కొలుచు సాధనములు కంప్యూటరులోపల ముందే యుండును. ప్రాసెసరు మిక్కిలి వేడెక్కినచో మొదట తన వేగమును తగ్గించుకొనును. 100 డిగ్రీల సెల్సియసు దరిదాపులకు వచ్చినచో యంత్రము తనంతట తానే ఆగిపోవచ్చును. హార్డు డిస్కు తనలో చెడిన చోట్లను విడిచి, మిగులుగా నుంచిన చోట్లను వాడుకొనుచు, ఆ లెక్కను ‘స్మార్ట్’ అను పట్టికలో వ్రాసికొనును. ఆ లెక్క పెరుగుచున్నచో డిస్కును నమ్మరాదు. మా ప్రోగ్రాము ఈ సంఖ్యలను సేకరించి, హద్దు మీఱినపుడు మా ఫోనునకు హెచ్చరిక పంపును. ఇట్టి పనికై ఏర్పడిన నియమములలో ప్రసిద్ధమైన ‘ఎస్.ఎన్.ఎం.పి.’ 1988లో ప్రకటింపబడి, నేటికిని వాడుకలో నున్నది.

మేము మొదటనే యొక తప్పు చేసితిమి. ప్రాసెసరు వేడిమి 60 డిగ్రీలు దాటగనే హెచ్చరిక వచ్చునట్లు పెట్టితిమి. బెజవాడ ఏప్రిలు ఎండలు తెలియనివారెవరు? మధ్యాహ్నము కాగానే ఫోను మ్రోగుట మొదలిడెను. దినమునకు 40 హెచ్చరికలు! విసిగి ధ్వనిని ఆపివైచితిమి. గుమాస్తాగారి కంప్యూటరు డిస్కును గూర్చిన హెచ్చరిక ఆ గుంపులోనే మూడుమారులు వచ్చెను; మేము చూడలేదు. తొమ్మిదవ తరగతి వార్షిక పరీక్షల మార్కులు ఎక్కించిన మఱునాడే ఆ డిస్కు చెడిపోయెను. ఆ మార్కులకు వేఱొక ప్రతి లేదు. జవాబు పత్రములను మరల ముందు పెట్టుకొని, గుమాస్తాగారును మేమును మూడు రాత్రులు వ్రాసితిమి.

“మాస్టరుగారూ, యంత్రము ముందుగా చెప్పలేదా?” అని ఆయన అడిగిరి.

“చెప్పినదండీ. మేమే వినలేదు” అని యొప్పుకొనుటకు మిక్కిలి సిగ్గుపడితిమి.

అటుపిమ్మట హద్దులను సవరించితిమి. వేడిమి హెచ్చి కొంతసేపు నిలిచిననే ఇప్పుడు ఫోను మ్రోగును. డిస్కు హెచ్చరిక మాత్రము వెంటనే ఇద్దఱికి చేరును. మార్కులకు ప్రతిదినము వేఱుగా ప్రతి తీయుచున్నాము. మఱియొక సంగతియు దెలిసికొంటిమి: పూర్తిగా ఆగిపోయిన యంత్రము హెచ్చరిక పంపజాలదు. కావున 5 నిమిషముల కొకసారి ప్రతి యంత్రమును పేరుపెట్టి పిలుచునట్లు ప్రోగ్రామును దిద్దితిమి. పలుకనిచో ఆ మౌనమే హెచ్చరిక. ఇది మేము ప్రతి ఉదయమును తరగతిలో హాజరు పిలుచుట వంటిదే గదా!

మన గుణదలలోని విద్యుత్ సౌధయందు రాష్ట్రపు విద్యుత్తును రేయింబవళ్లు కనిపెట్టు ఇంజనీర్లున్నారు. దూరపు సబ్‌స్టేషనుల సంఖ్యలను యంత్రములే తెచ్చును. 50 హెర్ట్జులకు అటునిటు తొలగుచున్నదేమో యని మేలుకొని చూచువారు మాత్రము మనుష్యులే.

యెహెజ్కేలు గ్రంథమందలి కావలివానిని మీరెఱుగుదురు. బూర యూదుట వాని విధి. విని లేచుట మన విధి. విద్యార్థులారా, బాధ చెప్పుకొనువానిని అందఱును చూతురు. ఏమియు పలుకక వెనుక బల్లపై కూర్చుండువానిని పేరుపెట్టి పిలువవలసినవారము మేము. ఇకమీదట పిలిచెదము; మీరు పలుకుడు.