పేరు తెలిసిందా?

అమెరికాలో ఏ మూల కాల్పులు జరిగినా డాలస్ దగ్గర మా ఫ్రిస్కో వాట్సాప్ గ్రూపులో మొదటి మెసేజ్ ఒకటే: "పేరు తెలిసిందా?" ఎంతమంది పోయారు, అందులో పిల్లలున్నారా, ఆ ఊళ్ళో మనకి తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా అన్నవి తరవాత. ముందు పేరు కావాలి. పోయినవాళ్ళది కాదు, కాల్చినవాడిది. మొన్న ఆదివారం కూడా అంతే. టీవీలో పోలీసు అధికారి మైకు ముందు గొంతు సవరించుకుంటుండగానే మా అడ్మిన్‌గారు అడిగేశారు, దాని కింద బొటనవేళ్ళు వరసగా లేచాయి. నాకు ఒళ్ళు మండింది. ఈ వారం నేను రాయాల్సింది ఇండియన్ స్టోర్లో గోంగూర కట్ట ధర గురించి. అది వచ్చే వారం రాస్తాను.

పేరు రాగానే ఏం జరుగుతుందో మీకూ తెలుసు, మీకూ గ్రూపులుంటాయి కదా. ముస్లిం పేరైతే "నేను ముందే చెప్పలా?" అని విజయోత్సవం. తెల్లవాడైతే "పాపం మెంటలట, చిన్నప్పుడే తండ్రి వదిలేశాట్ట" అని జాలి. స్పానిష్ పేరైతే చర్చ బోర్డరు దగ్గరికి పోతుంది. నల్లజాతివాడైతే ఒక ఎమోజీ పడేస్తారు, వాళ్ళ మనసులో ఉన్నదంతా అందులోనే ఉంటుంది. మన దేశపు పేరు గనక వచ్చిందా, ఎవరో ఒకరు వెంకటేశ్వరస్వామి ఫొటో పెట్టి శుభోదయం అంటారు. రాత్రి తొమ్మిదైనా సరే.

ఇక్కడి టీవీలు చేసేదీ ఇదే, కాస్త మేకప్ వేసుకుని చేస్తాయి. 2015లో చార్లెస్టన్ చర్చిలో బైబిలు చదువుకుంటున్న 9 మంది నల్లజాతివాళ్ళని ఒక తెల్ల కుర్రాడు చంపాడు. తెల్ల కుర్రాళ్ళని దేశంలోకి రానివ్వాలా వద్దా అని ఎవరూ అడగలేదు. ఆ మరుసటేడు ఓర్లాండో పల్స్ క్లబ్బులో 49 మంది పోయారు. అప్పుడు మాత్రం ముస్లింలని రానివ్వాలా అన్నదే చర్చ. ఆ హంతకుడు ఎక్కణ్ణించో రాలేదు, న్యూయార్కులోనే పుట్టాడు. ఇద్దరూ తుపాకులు కొన్నది మాత్రం షాపుల్లోనే. చార్లెస్టన్ వాడి సంగతి మరీ చోద్యం. పాత కేసు ఒకటుంది కాబట్టి వాడికి అమ్మకూడదు. కానీ తనిఖీ మూడు పనిదినాల్లో తేలకపోతే షాపువాడు అమ్మేసుకోవచ్చని చట్టంలో ఒక వెసులుబాటుంది. తేలలేదు, అమ్మేశాడు. ఈ మూడు రోజుల ముచ్చట గురించి మా గ్రూపులో ఎవర్నైనా అడగండి. హంతకుడి పేరు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతారు.

మా అలెన్ సంగతే చూడండి. డాలస్ తెలుగువాళ్ళకి అలెన్ ప్రీమియం ఔట్‌లెట్స్ గురించి చెప్పక్కర్లేదు. ఇండియా ప్రయాణానికి సూట్‌కేసులు తూచాక మిగిలిన రెండు కేజీలు నింపుకునేది అక్కడే. ఊరినుంచి అమ్మానాన్నలొస్తే తీసుకెళ్ళేదీ అక్కడికే. మా అమ్మ ఒక హ్యాండ్‌బ్యాగు ధర చీటీ చూసి, మనసులోనే ఎనభైతో గుణించి, దాన్ని ఎక్కడ తీసిందో అక్కడే పెట్టేసి, బయటికొచ్చి బెంచీ మీద కూచుంది. ఆ తరవాత మేం ఎంత పిలిచినా ఏ షాపులోకీ రాలేదు.

అక్కడ, 2023 మే 6న, శనివారం మధ్యాహ్నం, ఒకడు కారు దిగి కాల్చడం మొదలుపెట్టాడు. 8 మంది పోయారు. వాళ్ళలో ఒక కొరియన్ కుటుంబంలోని అమ్మ, నాన్న, మూడేళ్ళ పిల్లాడు. బడికెళ్ళే అక్కాచెల్లెళ్ళిద్దరు. ఇరవై ఏళ్ళ సెక్యూరిటీ గార్డు. ఇంజనీరుగా పనిచేస్తున్న మన తెలుగమ్మాయి ఒకరు.

పేరు మర్నాడు బయటికొచ్చింది. స్పానిష్ పేరు. ఇంకేముంది, బోర్డరు. ఆ తరవాత వాడి ఒంటిమీద నాజీ పచ్చబొట్లున్నాయని తేలింది. చొక్కా మీద తెల్లజాతి తీవ్రవాదులు పెట్టుకునే బిళ్ళ ఉందన్నారు. పేరు ఒకటి చెబుతోంది, పచ్చబొట్టు ఇంకొకటి చెబుతోంది. మావాళ్ళకి దిక్కు తోచలేదు. మావాళ్ళకేంటి, ఎలాన్ మస్క్ అంతటివాడికే నమ్మకం కుదరక ఇందులో ఏదో మతలబు ఉందన్నాడు. వాడు నాజీ భావాలున్నవాడేనని టెక్సస్ పోలీసులు విలేకరుల ముందే చెప్పారు. పేరు చూసి మనిషి లోపలున్న ద్వేషాన్ని లెక్కగట్టేవాళ్ళకి ఆ లెక్క మింగుడుపడలేదు. గ్రూపులో ఇద్దరు మాత్రం ఆ పచ్చబొట్టుని స్వస్తిక్ అనకూడదు, మన స్వస్తిక్ వేరు అని రాత్రి ఒంటిగంటదాకా వాదులాడుకున్నారు. ఎనిమిది శవాలు పక్కనుండగా.

వాడు తుపాకులు చట్టప్రకారమే కొన్నాడు. అంతకు చాలా ఏళ్ళముందు, 2008లో, సైన్యంలో చేరిన మూడు నెలలకే మానసిక పరిస్థితి బాగాలేదని వాణ్ణి ఇంటికి పంపేశారు. సైన్యం తుపాకీ చేతికివ్వడానికి భయపడ్డ మనిషికి చట్టం అడ్డు చెప్పలేదు. ఇది నా కంటికి పెద్ద విషయంగా కనిపించింది. గ్రూపులో పెట్టాను. అడ్మిన్‌గారు వెంటనే జవాబిచ్చారు: "ఇక్కడ రాజకీయాలు వద్దు సార్."

ఆ తెలుగమ్మాయి వార్త వచ్చాక ఏం జరిగిందో కూడా చెప్పాలి. "అయ్యో" అన్నారు, చేతులు జోడించారు, చందాల లింకు పెట్టారు, నిజంగానే డబ్బులిచ్చారు. మనవాళ్ళ చెయ్యి పెద్దదే, అందులో వంక పెట్టను. కానీ ఆ లింకుకీ చందాలకీ మధ్యలో ఎవరో అడిగారు: "ఏ జిల్లా? ఎవరి తాలూకు?" పోయిన మనిషికీ పేరు పరీక్ష తప్పలేదు.

ఈ దేశాన్ని తిట్టుకుంటూ ఇక్కడే ఇల్లు కొన్నవాణ్ణి కాబట్టి ఇంకో వైపూ చెప్పుకోవాలి. అలెన్‌లో కాల్పుల చప్పుడు వినగానే, వేరే పనిమీద అక్కడున్న ఒక పోలీసు తుపాకీ తీసుకుని చప్పుడు వచ్చేవైపే పరిగెత్తి, హంతకుణ్ణి ఒక్కడే ఆపాడు. అంతకు ముందేడు ఇదే టెక్సస్‌లో, యువాల్డీ బడిలో కాల్పులప్పుడు, చివరికి 376 మంది పోలీసులు చేరారు. తరగతి గది తలుపు తియ్యడానికి 77 నిమిషాలు పట్టింది. 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. ఆ పిల్లల తల్లిదండ్రులు తరవాతి ఏప్రిల్‌లో ఆస్టిన్ వెళ్ళి, శాసనసభ కమిటీ ముందు మాట్లాడ్డానికి గంటలతరబడి కుర్చీల్లో కూచున్నారు. వాళ్ళడిగింది ఆకాశం కాదు. యువాల్డీ హంతకుడు పద్ధెనిమిది నిండిన రోజుల్లోనే రైఫిళ్ళు కొన్నాడు కాబట్టి ఆ కొనే వయసు 21కి పెంచమన్నారు. అలెన్ జరిగిన రెండు రోజులకి, మే 8న, ఆ కమిటీ 8-5తో ఒప్పుకుంది. కన్నీళ్ళు పెట్టుకున్న తల్లుల్ని టీవీలో చూశాను. మర్నాటికి గడువు దాటిపోయి బిల్లు సభ మొహం చూడకుండానే చచ్చింది. గవర్నరుగారు మానసిక ఆరోగ్యం గురించి మాట్లాడారు. ఆ ఓటింగులో తన పార్టీని కాదని బిల్లు వైపు నిలబడ్డ ఇద్దరు రిపబ్లికన్లలో జస్టిన్ హాలండ్ అనే ఆయన నియోజకవర్గంలో మా కాలిన్ కౌంటీ ముక్క కూడా ఉంది. 2024లో సొంత పార్టీ ఓటర్లే ఆయన్ని ఇంటికి పంపారు. కారణాలు ఇంకా ఉన్నాయి, ఇది కూడా ఒకటి. ఆ ప్రైమరీలో ఓటు వేశారా అని మా సిటిజన్లని అడిగితే, ప్రైమరీ ఎప్పుడు జరిగిందని నన్నే అడిగారు.

ఇవన్నీ చూసినప్పుడు మన దేశమే నయం అనిపిస్తుంది. తెనాలి దగ్గర మా ఊళ్ళో ఒకే ఒక్క తుపాకీ ఉండేది, ఒక పెద్దరైతు ఇంట్లో, చేలో పందుల్ని బెదిరించడానికి. ఎన్నికల ప్రకటన రాగానే ఆయన దాన్ని పాత పంచెలో చుట్టి, రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని స్టేషన్‌కి తీసుకెళ్ళేవాడు. లైసెన్సున్న తుపాకులన్నీ ఎన్నికలయ్యేదాకా అప్పగించి రసీదు తీసుకోవాలి. మేం పిల్లలం ఊరి చివరిదాకా రిక్షా వెనక పరిగెత్తేవాళ్ళం. ఓట్ల లెక్కింపయ్యాక అదే పంచెలో తిరిగొచ్చేది. మా ఆఫీసులో ఒక తెల్లాయన ఉన్నాడు, మంచివాడు, చలికాలంలో జింకల వేటకెళ్ళి నాకు మాంసం ఇవ్వబోతుంటాడు. ఆయనకి ఈ కథ చెబితే నోరెళ్ళబెట్టాడు. "ప్రభుత్వం అడిగితే ఇచ్చేశాడా? ఊరు ఊరుకుందా?" ఊరుకోవడమేంటి, రసీదు జాగ్రత్తగా దాచుకున్నాడని చెప్పాను, కొంచెం గర్వంగానే. "అయితే మీ ఎన్నికల్లో చావులుండవన్నమాట" అన్నాడు.

అక్కడ ఆగిపోయాను. రాయలసీమ నాటుబాంబుల్ని ఏ స్టేషన్లో అప్పగిస్తారు? 2005 జనవరిలో అనంతపురంలో రాజకీయ నాయకుడు పరిటాల రవిని పట్టపగలు, పార్టీ ఆఫీసులో కాల్చేశారు. ఆ తెల్లాయనకి ఏం చెప్పాలో తెలీక కాఫీకి లేచాను.

కాఫీ కలుపుకుంటుంటే హైదరాబాద్ గుర్తొచ్చింది. 2007 మేలో మక్కా మసీదులో బాంబు పేలిన రోజు సాయంత్రం నేను అమీర్‌పేటలో ఉన్నాను. రాత్రికల్లా టీకొట్టు దగ్గర అందరికీ అంతా తెలుసు, ఎవరు చేశారో, ఏ గల్లీలో ఉంటారో. పోలీసులు పాతబస్తీ కుర్రాళ్ళని పట్టుకెళ్ళారు. తరవాత కేసులు నిలబడలేదు. ఆ కుర్రాళ్ళు అలా బయటికొచ్చారని టీకొట్టుకి ఎవరూ చెప్పలేదు. అప్పట్లో నాతో పనిచేసిన మెహదీపట్నం స్నేహితుడికి ఆఫీసు దగ్గర ఫ్లాటు దొరకలేదు. ఫోన్లో ఇల్లు ఖాళీ అంటారు, పేరు చెప్పగానే నిన్ననే ఇచ్చేశామంటారు. నాకు దొరికింది. దానికి ముందు ఓనరుగారు మంచినీళ్ళిచ్చి, కూచోబెట్టి, "ఇంటిపేరేంటి బాబూ?" అన్నారు. నా ఇంటిపేరుతో ఆయనకి తేలలేదు. "గుంటూరు జిల్లానా? అమ్మగారి పుట్టిల్లు?" అంటూ అలా మూడు తరాలు తవ్వి, చివరికి తేల్చుకుని, తాళాలు ఇచ్చారు. "పేరు తెలిసిందా" అని అమెరికా వచ్చాక నేర్చుకున్నామా మనం? సూట్‌కేసులో పచ్చళ్ళతోపాటే తెచ్చుకున్నాం.

ఆ పరీక్ష మన మీదే పడ్డప్పుడూ బుద్ధి రాలేదు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతా బార్లో ఒకడు "నా దేశంలోంచి పొండి" అని అరిచి ఇద్దరు తెలుగు ఇంజనీర్లని కాల్చాడు. ఒకరు పోయారు, ఒకరు గాయాలతో బతికారు. అడ్డుపడ్డ తెల్ల కుర్రాడికీ తూటా దిగింది. ముక్కూమొహం తెలియని మనుషులకోసం తూటాకి ఎదురెళ్ళిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఈ దేశం మీద ఎంత కోపమున్నా సగం దిగిపోతుంది. హంతకుడు పారిపోయి ఇంకో ఊళ్ళో ఇద్దరు ఇరానీయుల్ని చంపానని చెప్పుకున్నాడు. ఆ మాట బయటికి రాగానే మనవాళ్ళు అన్నదేంటి? "అయ్యో, మేం ఇరానీయులం కాదే!" అంటే ఇరానీయులైతే? నిజంగా ఆ బల్ల దగ్గర ఇద్దరు ఇరాన్ ఇంజనీర్లు కూచుని ఉంటే మన గ్రూపుల్లో ఏ ఎమోజీ పెట్టేవాళ్ళం? ఆ రోజుల్లోనే బయట తెలుగులో గట్టిగా మాట్లాడుకోవద్దని ఒక సంఘం వాళ్ళు సలహా ఇచ్చారు. కాస్ట్‌కోలో భార్యాభర్తలు ఇంగ్లీషులో పోట్లాడుకోవడం అప్పుడే చూశాను. పాపం, ఆవిడకి తిట్లు అందలేదు.

తరవాత మావాళ్ళు గొంతు తగ్గించడం మానేసి తుపాకులు కొనడం మొదలెట్టారు. హెచ్-1బీ మీద ఉన్నవాడికి మామూలుగా తుపాకీ అమ్మకూడదు, కానీ వేట లైసెన్సుంటే మినహాయింపు ఉంది. నా స్నేహితుడొకడు ఆ దారిలోనే కొన్నాడు. శాకాహారి. బాత్రూంలో బొద్దింక కనిపిస్తే భార్యని కేకేసే మనిషి, టెక్సస్ ప్రభుత్వం లెక్కలో వేటగాడు. షాపులో నింపిన ఫారంలో జాతి ఏమిటన్న గడి కూడా ఉందిట. పేరు తెలిసిందా అని ఫారం కూడా అడుగుతోంది చూశారా. మా గుడి తలుపు మీద ఇప్పుడు చెప్పులు విడవమనే బోర్డు పక్కన 30.06, 30.07 బోర్డులున్నాయి. తుపాకీతో లోపలికి రావద్దని టెక్సస్‌లో చెప్పే పద్ధతి అది. మా వేటగాడు ప్రదక్షిణలకి వచ్చినప్పుడు తుపాకీని కారు డాష్‌బోర్డు అరలో పెట్టి వస్తాడు.

వాళ్ళబ్బాయి, మావాడు ఒకే తరగతి. శనివారం ఆడుకోవడానికి పంపమని ఫోను వచ్చింది. పిల్లల్ని పంపేముందు మీ ఇంట్లో తుపాకీ ఉందా, తాళంలో ఉందా అని అడగాలని ఇక్కడి పిల్లల డాక్టర్లే చెబుతారు. మా ఆవిడకి నోరు రాలేదు. కొత్తగా పరిచయమైన మనిషిని ఇంటిపేరు, వీసా, జీతం, ఇల్లు ఎంతకి కొన్నారు అని గుమ్మంలోనే అడగ్గలం. ఈ ఒక్కటీ అడిగితే మాత్రం అవమానించినట్టట. రెండ్రోజులు నానబెట్టి, చివరికి గోంగూర పచ్చడి పేరుతో ఫోన్ చేసి, అటు తిప్పి ఇటు తిప్పి అడిగింది.

"అయ్యో, దానికి తాళముంది వదినా" అందావిడ. "నంబర్ల తాళం. మా ఆయనకి మతిమరుపు కదా, అందుకని బాబు పుట్టినరోజే పెట్టేశాం."

పిల్లాణ్ణి మా ఇంటికే పంపమన్నాం.